ఓడ ఎక్కకుండా ఓడల తనిఖీదారు కావచ్చా?

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. సముద్రంలో చమురు బావుల దగ్గర, గాలిమరల దగ్గర పనిచేసే ఓడలనూ వర్క్‌బోట్లనూ తనిఖీ చేసే ఉద్యోగం గురించి విన్నాను. నెలల తరబడి సముద్రం మీద ఉండే పని వద్దని నాన్నగారు అంటున్నారు. తనిఖీ ఉద్యోగమైతే ఒడ్డునే ఉండవచ్చు కదా! ఏదైనా చిన్న కోర్సు చేసి నేరుగా ఇందులో చేరవచ్చా?

జవాబు: చేరలేరు. కొన్ని వారాల కోర్సుతో ఓడల తనిఖీదారును చేస్తామని ఎవరైనా చెబితే ఫీజు కట్టకండి. కోర్సులు ఉన్న మాట నిజమే. అయితే అవి ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు చివరి మెట్టు, మీకు మొదటి మెట్టు కావు.

ముందు ఈ పని ఏమిటో చూద్దాం. ఓడ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశమూ, ఓడల నిర్మాణ ప్రమాణాలు చూసే క్లాస్ సంస్థలూ చేసే సర్వేలు చట్టపరమైనవి. వాటిలో నెగ్గితేనే ఓడకు సర్టిఫికెట్లు వస్తాయి. మీరు విన్నది బహుశా వీటికి అదనంగా, ఓడను అద్దెకు తీసుకునే కంపెనీ కోరిక మీద జరిగే తనిఖీ. ఒకప్పుడు ప్రతి కంపెనీ తన సొంత ప్రశ్నల జాబితాతో మనిషిని పంపేది. ఒకే ఓడ మీదికి ఒకరి తర్వాత ఒకరు వచ్చి దాదాపు అవే ప్రశ్నలు అడిగేవారు. సిబ్బందికి విశ్రాంతి ఉండేది కాదు, ఒక నివేదికను మరో నివేదికతో పోల్చే వీలూ ఉండేది కాదు. అందుకే అంతర్జాతీయ మెరైన్ కాంట్రాక్టర్ల సంఘం, అంటే ఐఎంసీఏ, 1999లో అందరికీ ఒకే తనిఖీ పత్రం తెచ్చింది. దాని పేరు సీఎంఐడీ. ఇప్పుడది ఆన్‌లైన్‌లో ఈ-సీఎంఐడీగా నడుస్తోంది. చమురు కంపెనీల వేదిక ఓసీఐఎంఎఫ్ కూడా 2010లో ఇలా సముద్రంలోని బావుల దగ్గర పనిచేసే (ఆఫ్‌షోర్) ఓడల కోసం ఓవీఐడీ అనే తనిఖీ ఏర్పాటు మొదలుపెట్టింది.

చిన్న వర్క్‌బోట్లకు ఐఎంసీఏ ఎంఐఎస్‌డబ్ల్యూ అనే వేరే పత్రం పెట్టింది. నా దృష్టిలో తనిఖీదారు అవసరం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. భద్రతా నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఎం కోడ్ సరుకు ఓడల విషయంలో 500 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణపు కొలత), ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి. వర్క్‌బోట్లలో చాలా వరకు అంతకంటే చిన్నవి. నలుగురైదుగురు సిబ్బందితో రోజంతా మనుషులను, సామాన్లను చేరవేసే పడవ మీద పెద్ద ఓడలకుండే కట్టుదిట్టాలు ఉండకపోవచ్చు.

ఇక అనుభవం ఎందుకంటారా? లైఫ్‌రాఫ్ట్, అంటే ప్రాణాలు కాపాడే గాలి తెప్ప, సంగతే చూడండి. అది డెక్ మీద తెల్లటి డబ్బాలో ఉంటుంది. ఓడ మునిగినప్పుడు కొద్ది మీటర్ల లోతులో నీటి ఒత్తిడికి, డబ్బాను పట్టి ఉంచే హైడ్రోస్టాటిక్ రిలీజ్ విడిపోయి, డబ్బా పైకి తేలాలి. రాఫ్ట్‌ను ఓడకు కలిపే పెయింటర్ తాడు లాగుడుకు రాఫ్ట్ గాలి నింపుకోవాలి. ఆ తర్వాత వీక్ లింక్ అనే బలహీనమైన కొస తెగిపోయి రాఫ్ట్ ఓడ నుంచి విడిపోవాలి. సర్వీసు సర్టిఫికెట్ ఉంటుంది, రిలీజ్ మీద గడువు తేదీ దాటి ఉండదు, డబ్బా మీద రంగు కొత్తగా మెరుస్తుంటుంది. కానీ తాడును వీక్ లింక్‌కు కాకుండా నేరుగా డెక్ మీది ఇనుప కొక్కేనికి కట్టి ఉంటే, ఆ రాఫ్ట్ ఓడతో పాటే అడుగుకు పోతుంది. ఈ తప్పు కాగితాల్లో కనిపించదు. మోకాళ్ల మీద కూర్చుని తాడు వెంట వేలు పెట్టి చూసినవాడికే కనిపిస్తుంది. అలా చూడాలని తోచాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ తాడును తన చేతులతో కట్టి ఉండాలి.

ఇంకో అపోహ కూడా తీసేస్తాను. సీఎంఐడీలో పాస్, ఫెయిల్ ఉండవు. చూసింది చూసినట్టు రాయడమే తనిఖీదారు పని. దానికి ఓడ యాజమాన్యం జవాబు ఇస్తుంది, అద్దెకు తీసుకునేవాళ్లు నిర్ణయించుకుంటారు. కాబట్టి రాత ముఖ్యం. ‘లైఫ్‌రాఫ్ట్ అమరిక సంతృప్తికరంగా లేదు’ అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. ‘ఎడమవైపు లైఫ్‌రాఫ్ట్ పెయింటర్ తాడు వీక్ లింక్‌కు కాక నేరుగా డెక్‌కు కట్టి ఉంది’ అని రాస్తే, ఆ సాయంత్రమే ఎవరో వెళ్లి సరిచేస్తారు. ఈ అలవాటుకు మాత్రం సముద్రం అక్కర్లేదు, కళాశాల ప్రయోగశాల రికార్డుల్లోనే మొదలుపెట్టండి.

మీ ముందున్న అసలు దారి ఇది. నాటికల్ సైన్స్ గానీ మెరైన్ ఇంజినీరింగ్ గానీ చదివి, క్యాడెట్‌గా చేరి, ఆఫీసర్ కాంపిటెన్సీ పరీక్షలు దాటాలి. అవకాశం దొరికితే సరఫరా ఓడల మీద, లంగర్లు మోసే ఓడల మీద పనిచేయండి. అక్కడి అనుభవమే తర్వాత అక్కరకు వస్తుంది. చీఫ్ ఆఫీసర్ లేదా సెకండ్ ఇంజినీరు స్థాయికి వచ్చాక ఒడ్డున సూపరింటెండెంట్‌గానో సర్వేయర్‌గానో కొంతకాలం చేసి, ఆడిట్ శిక్షణ తీసుకుని, అప్పుడు తనిఖీదారు గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవాలి. ఐఎంసీఏ పత్రాలకు ఆ గుర్తింపు పొందినవారిని ఏవీఐ అంటారు. నా అంచనాలో ఇదంతా పదేళ్ల పైమాటే.

నాన్నగారితో కూడా దాపరికం లేకుండా మాట్లాడండి. తనిఖీదారుది కుర్చీ ఉద్యోగం కాదు. తాడు నిచ్చెన మీద ఎక్కడం, ఇంజన్ గది వేడిలో గంటలు గడపడం, గాలి పరీక్ష చేశాకే ఇరుకు ట్యాంకుల్లోకి దిగడం ఇందులో భాగమే. సముద్రం బొత్తిగా వద్దంటే నేవల్ ఆర్కిటెక్చర్ చదవండి. క్లాస్ సంస్థలు ఓడల నమూనాల పరిశీలనకు అలాంటివాళ్లను తీసుకుంటాయి, అక్కడి నుంచి సర్వేల వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇది గౌరవమైన దారి, రాజీ అనుకోకండి.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. ఓడ ఉద్యోగుల వైద్య పరీక్షలు చేసే డాక్టరు దగ్గర చూపు, ముఖ్యంగా రంగుల గుర్తింపు, పరీక్షించుకోండి. రాత్రి ఎదురొచ్చే ఓడ దీపం ఎరుపో ఆకుపచ్చో చెప్పలేనివారికి డెక్ శాఖలో ప్రవేశం ఉండదు. ఇంజన్ శాఖకు ప్రమాణం వేరు. ఆ ఫలితం చేతికొచ్చాక ఏ శాఖ తీసుకోవాలో మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.