పొడి కళ్లకు కొత్త చుక్కల మందు ట్రయల్: చేరాలా, ఆగాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 53 ఏళ్లు. హనుమకొండలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. నెలసరి ఆగిపోయినప్పటి నుంచి కళ్లు మంటగా, ఇసుక పడ్డట్టు గరగరగా ఉంటున్నాయి. జవాబు పత్రాలు దిద్దుతుంటే సాయంత్రానికి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. డాక్టర్లు మార్చి మార్చి రాసిన కన్నీటి చుక్కలు వేసుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. ఈమధ్య నోరు కూడా ఎండిపోతోంది. మధ్యమధ్యలో నీళ్లు తాగితే గానీ అన్నం ముద్ద దిగడం లేదు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఇదంతా వయసు వల్లే అనుకుంటున్నాను. హైదరాబాద్‌లో నేను చూపించుకుంటున్న ఆస్పత్రిలో కొత్త చుక్కల మందుపై క్లినికల్ ట్రయల్ జరుగుతోందట. 12 వారాలు ఉంటుందని, ఖర్చు ఏమీ ఉండదని, అయితే నాకు అసలు మందు వస్తుందో ఉత్త చుక్కలు వస్తాయో చెప్పలేమని అన్నారు. మా వారు ‘మన మీద ప్రయోగాలు చేయించుకుంటామా’ అంటున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సలహా: మీరు అడిగింది ట్రయల్ గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాటలు వేరే ఉన్నాయి. కళ్లతో పాటు నోరు ఎండిపోవడం, ముద్ద దిగడానికి నీళ్లు కావాల్సి రావడం, పొద్దున వేళ్లు బిగుసుకుపోవడం – ఈ మూడూ ఒకే మనిషిలో, అందులోనూ 50 దాటిన స్త్రీలో కనిపించినప్పుడు, వయసు మీదకు నెట్టేసే ముందు షోగ్రెన్ సిండ్రోమ్ లేదని తేల్చుకోవాలి. ఇది మన రోగనిరోధక వ్యవస్థ మన కన్నీటి గ్రంథులనూ లాలాజల గ్రంథులనూ పరాయివిగా భావించి దెబ్బతీసే జబ్బు. దీన్ని 1933లో వివరంగా వర్ణించిన హెన్రిక్ షోగ్రెన్ కూడా స్వీడన్‌కు చెందిన కంటి డాక్టరే. ఈ జబ్బు ఉన్న ప్రతి పది మందిలో సుమారు తొమ్మిది మంది స్త్రీలే. ఇది కొందరిలో కళ్లు, నోటితో ఆగకుండా ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, నరాలను కూడా తాకుతుంది కాబట్టి చుక్కలతో సరిపెట్టుకునే వ్యవహారం కాదు. మీకు ఇది ఉందని నేను చెప్పడం లేదు. నెలసరి ఆగాక హార్మోన్ల మార్పు వల్ల కళ్లు పొడిబారడం చాలా మామూలు. అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కొన్ని కళ్లనూ నోటినీ కలిపి ఎండబెడతాయి. వేళ్ల బిగుతుకు వేరే కారణాలూ ఉంటాయి. అయినా ఏఎన్ఏ, యాంటీ-ఎస్ఎస్ఏ, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్షలు చేయించుకుని, ఒకసారి రుమటాలజిస్టును (కీళ్ల, రోగనిరోధక జబ్బుల డాక్టర్‌ను) కలిసే వరకు ట్రయల్ కాగితం మీద సంతకం చేయవద్దు అన్నది నా మొదటి మాట.

ఇందులో మీ ఆరోగ్యంతో పాటు ట్రయల్ లెక్క కూడా ఉంది. ప్రతి ట్రయల్‌కు ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు అనే నియమాలు ముందే రాసి ఉంటాయి. పొడి కళ్ల ట్రయల్స్ కొన్ని షోగ్రెన్ రోగులను తీసుకోవు, కొన్ని వారి కోసమే జరుగుతాయి. తెలియకుండా చేరి సగంలో బయటికి రావాల్సి వస్తే మీకూ నష్టమే, వారికీ నష్టమే.

ఇక రెండో విషయం. మీ కళ్లు ఏ రకంగా పొడిబారాయో ఎవరైనా సరిగా చూశారా? షిర్మర్ పరీక్షలో కొలతలు గీసిన సన్నని కాగితపు పట్టీ కొసను మడిచి కింది రెప్ప లోపల తగిలించి, ఐదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. 5 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే నీటి ఉత్పత్తి బాగా తగ్గిందని అర్థం. పసుపు రంగు ఫ్లోరెసిన్ వేసి నీలి కాంతిలో చూసే పరీక్షలో, రెప్ప వేసిన తర్వాత కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చెదురుతుందో లెక్కిస్తారు. 10 సెకన్లలోపే చెదిరితే ఆ పొర నిలవడం లేదన్నమాట. చాలామందిలో నీరు తగినంత ఊరుతూనే ఉంటుంది గానీ, రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు మూసుకుపోయి, నీటి మీద పరుచుకోవాల్సిన నూనె పొర లేక అది ఆవిరైపోతుంది. అలాంటి వారికి ఎన్ని చుక్కలు మార్చినా ‘కాసేపు హాయి, మళ్లీ మామూలే’ అన్నట్టే ఉంటుంది. వారికి కావాల్సింది వేడి కాపడం, రెప్పల శుభ్రత, డాక్టర్ రాస్తే కొన్ని మందులు. మీరు వాడిన చుక్కల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) ఉందేమో సీసా మీద చూడండి. రోజుకు నాలుగు సార్లకు మించి వేసుకునే వారికి అదే కంటి పైపొరను రేపుతుంది, ప్రిజర్వేటివ్ లేనివి మేలు.

మీ ఉత్తరంలో కన్నీటి చుక్కలు తప్ప వేరే చికిత్స ఊసే లేదు. సైక్లోస్పోరిన్ చుక్కలకు అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది, మన దగ్గరా చాలా కాలంగా దొరుకుతున్నాయి. మొదట్లో మండుతాయి, గుణం తెలియడానికి నెలలు పడుతుంది, అందుకే చాలామంది నాలుగు వారాలకే మానేసి ‘పనిచేయలేదు’ అంటారు. ఇలాంటి మందును ఓపికగా వాడి చూడకముందే ట్రయల్‌కు వెళ్లడం నాకు అంత సమంజసంగా తోచదు. అన్నీ వాడి విసిగిన వారి సంగతి వేరు, వారికి ట్రయల్ నిజంగానే ఒక దారి.

‘ఉత్త చుక్కలు’ అన్న మాట మిమ్మల్ని భయపెట్టినట్టుంది. పొడి కళ్ల ట్రయల్‌లో అసలు మందు రాని వారికి సాధారణంగా ఇచ్చేది, మందు కలపని అదే ద్రావణం. అది కూడా కంటిని తడిపేదే కాబట్టి దానితోనూ చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పైగా బాధ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే ఎవరైనా ట్రయల్‌లో చేరతారు, ఆ తర్వాత కొంత దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ మందు గొప్పతనాన్ని నిరూపించడం కంపెనీలకు కష్టమైనది ఇందుకే. పరీక్షలో కన్ను మెరుగుపడినా రోగికి తేడా తెలియకపోవడం, రోగికి హాయిగా ఉన్నా పరీక్షలో ఏమీ మారకపోవడం ఈ జబ్బులో రోజూ చూసేదే. కొన్ని ట్రయల్స్‌లో మొదటి ఒకటి రెండు వారాలు అందరికీ ఉత్త ద్రావణమే ఇచ్చి, దానితోనే బాగుపడిన వారిని పక్కన పెడతారు. కాబట్టి ఉత్త చుక్కలు పడటం మోసమేమీ కాదు. మీరు అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: ఆ 12 వారాలూ నేను ఇప్పుడు వాడుతున్న చుక్కలు వేసుకోవచ్చా, మానేయాలా? మానేయాలంటే, మంట భరించలేనప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి? దీనికి స్పష్టంగా జవాబు చెప్పలేని బృందంతో నేనైతే చేరమనను.

మీ వారి భయం అర్థం లేనిది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి బయటపడి, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. అలాంటి అనుభవాల తర్వాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. వాటి ప్రకారం ట్రయల్ వల్ల మీకు హాని జరిగితే అవసరమైనంత కాలం, లేదా ఆ హానికి ట్రయల్ కారణం కాదని తేలే వరకు ఉచిత చికిత్స అందించాలి. ట్రయల్ కారణంగానే శాశ్వత వైకల్యం వంటివి కలిగితే పరిహారం ఇవ్వాలి. ఏ క్షణంలోనైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, అలా వచ్చినందుకు ఆ ఆస్పత్రిలో మీ మామూలు వైద్యం ఆగకూడదు. ఆరోగ్యవంతులకు డబ్బిచ్చి మాత్రలు మింగించి రక్తం తీసే అధ్యయనాల గురించి మీ వారు వినే ఉంటారు. మీకు చెప్పింది అలాంటిది కాదు. ఇది జబ్బు ఉన్నవారి మీదే జరిగే పరిశీలన, ఇందులో డబ్బు ఆశ చూపకూడదు, రానూపోనూ ఖర్చులు ఇస్తే తప్పులేదు.

సమ్మతి పత్రం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చుకుని, మీ వారితో కూర్చుని చదవండి. ‘ఇప్పుడే సంతకం పెట్టండి, సీట్లు అయిపోతాయి’ అంటే లేచి వచ్చేయండి. అందులో ముందుగా సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా) నంబరు ఉందో లేదో చూడండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ 2009 జూన్ 15 నుంచి ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఆ నంబరుతో వెబ్‌సైట్‌లో వెతికితే మందు పేరు, ఎవరు చేయిస్తున్నారు, ఎన్నో దశ, ఎవరిని తీసుకోరు అన్నవన్నీ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. మీ పిల్లలనో, స్కూల్లో కంప్యూటర్ తెలిసిన వారినో అడిగితే పది నిమిషాల పని. మూడో దశ అయితే ఆ మందును అప్పటికే కొంతమందిలో పరీక్షించి ఉంటారు, మొదటి దశ అయితే ఇంకా చాలా తక్కువ తెలుసు, పొడి కళ్ల కోసం మొదటి దశలో చేరాల్సిన అవసరం మీకు లేదు. తర్వాత ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరిన వారి హక్కులను, భద్రతను కాపాడే కమిటీ) ఫోన్ నంబరు చూడండి. చాలామంది డాక్టర్ నంబరు మాత్రమే రాసుకుంటారు గానీ, డాక్టర్ మీద ఫిర్యాదు ఉంటే పిలవాల్సింది ఆ కమిటీనే. సంతకం చేశాక ఒక ప్రతి మీ చేతికి ఇవ్వాలి.

ట్రయల్ ముగిశాక ఆ మందు మీకు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వేరే చికిత్సలు ఉన్న జబ్బుకు అలా కొనసాగించడం అరుదు, మార్కెట్లోకి రావడానికి ఏళ్లు పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు ఎన్నిసార్లు రావాలి, స్కూలు పరీక్షల కాలంలో సెలవు దొరుకుతుందా అన్నది కూడా ముందే లెక్క వేసుకోండి. మధ్యలో రెండు విజిట్లు తప్పితే మీ 12 వారాల కష్టం లెక్కలోకి రాకుండా పోవచ్చు.

రక్త పరీక్షల ఫలితాలు, మీరు వాడే మాత్రలన్నింటి జాబితా, ఇప్పటి వరకు వాడిన చుక్కల ఖాళీ సీసాలు తీసుకుని ముందు మీ కంటి డాక్టర్‌నే కలిసి, షోగ్రెన్ అనుమానం సంగతి చెప్పండి. పరీక్షల్లో ఏమీ తేలకపోయి, సైక్లోస్పోరిన్ వంటివి మూడు నాలుగు నెలలు సరిగా వాడినా గుణం లేకపోతే, అప్పుడు ట్రయల్‌లో చేరడానికి నాకు అభ్యంతరం లేదు. ఇవాళ అవకాశం పోతే మళ్లీ రాదని కంగారు పడకండి, పొడి కళ్లకు ట్రయల్స్ తరచుగానే వస్తుంటాయి. ఈలోగా కన్ను బాగా ఎర్రబడినా, నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఆలస్యం చేయకుండా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించుకోండి. ట్రయల్‌లో ఉన్నప్పుడైనా సరే, తర్వాతి విజిట్ తేదీ వచ్చేదాకా ఆగవద్దు.