కుక్కపిల్లకి తోలు బెల్టా, గొలుసా?

మూడు నెలల లాబ్రడార్ పిల్లకి తోలు బెల్టు మంచిదా, స్టీలు గొలుసు మంచిదా అని అడిగారు. రెండూ వద్దు. సైజు మార్చుకునే వీలున్న, మెత్తటి నైలాన్ బెల్టు కొనండి. పెట్టాక మెడకీ బెల్టుకీ మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. దూరకపోతే బిగుతు. నాలుగు వేళ్లు పట్టాయంటే తల వెనక్కి లాక్కుని రోడ్డు మీదికి పరిగెడుతుంది.

అయితే ఏ బెల్టు కొన్నారన్నదాని కంటే, కొన్నాక చూస్తున్నారా లేదా అన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒక ఎర్ర కుక్క ఉండేది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో ముద్దుకి మెడలో నైలాన్ తాడు కట్టి వదిలేశారు. కుక్క పెరిగింది, తాడు పెరగదు కదా. దగ్గరికొస్తే కుళ్లు వాసన. తాడు పైకి కనిపించేదే కాదు, చర్మం దాని మీదుగా మూసుకుపోయింది. టీకొట్టాయన, నేను బిస్కెట్లతో మచ్చిక చేసి, గోనెపట్టా కప్పి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు మత్తిచ్చి, బొచ్చు గొరిగి, కత్తెర మొన తాడు కిందికి దూర్చి కొంచెం కొంచెంగా తెంచారు. మెడ చుట్టూ గాయం, అందులో పురుగులు. అదృష్టం కొద్దీ బతికింది.

మీ లాబ్రడార్ కూడా ఏడాది వచ్చేదాకా గబగబా పెరుగుతుంది. వారం వారం వేళ్లు పెట్టి చూడండి. రాత్రిళ్లు ఇంట్లో బెల్టు తీసేయండి, గోమార్లు దాక్కునేది దాని కిందే.

తోలు చూడ్డానికి బాగుంటుంది కానీ వానాకాలంలో తడిసి బిరుసెక్కి మెడ ఒరుసుకుపోతుంది. ఇక కంట్రోల్‌లో ఉంటుందని షాపులవాళ్లు అంటగట్టే చోక్ చైన్ జోలికి అసలు పోకండి, లాగినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది. పగ్, పామరేనియన్ లాంటివాటికైతే మెడకి కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్సే మేలు. ముధోల్ అనే వేటజాతి కుక్కలకి తల సన్నం, మామూలు బెల్టు జారిపోతుంది. వాటికి లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగిసే మార్టింగేల్ రకం ఉంది.

కాపలా పేరుతో పొద్దస్తమానం గేటుకి కట్టేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎంత మెత్తటి బెల్టయినా రోజంతా గుంజుకుంటే పుండు పడుతుంది. అలా కట్టేయడానికే అయితే కుక్కని పెంచొద్దు.

మువ్వలు కూడా కట్టకండి, పగలంతా చెవి పక్కన ఆ మోత దానికి చిరాకు. ఆ డబ్బుతో మీ ఫోన్ నంబరు చెక్కించిన చిన్న బిళ్ల వేయండి. దీపావళి లోపే వేయండి, టపాసుల మోతకి బెదిరి పారిపోయే కుక్కలు ఏటా ఎన్నో.