డ్రిల్లింగ్ మడ్ వల్ల చమురు బావి చుట్టూ రాతికి జరిగే నష్టాన్ని మోడల్‌తో ముందే చెప్పవచ్చా?

చెప్పవచ్చు, మోడల్‌లోకి వెళ్లే అంకెలు మీ రాతి నుంచి వచ్చినవైతేనే. బావి నుంచి తీసిన రాతి ముక్కలను, అంటే కోర్‌ను, పరీక్షించే ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ఈ విషయంలో ఎవరు ఎంత వాదించినా నా మాట మారదు.

ఒక బావి సంగతి చెబుతాను. మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) నుంచి వడకట్టుకుని రాతిలోకి దిగే నీటి వల్ల పర్మియబిలిటీ, అంటే రాతిలోంచి ద్రవం పారే తీరు, ఐదో వంతు మాత్రమే తగ్గుతుందని మోడల్ నివేదికలో రాశారు. తీరా బావి పూర్తయ్యాక, అనుకున్న చమురులో సగం కూడా రాలేదు. అప్పుడు గానీ కోర్ మా బల్ల మీదికి రాలేదు. బొటనవేలంత లావు ముక్క కోసి, హోల్డర్‌లో బిగించి, ముందుగా ఉప్పునీరు పంపాం. గేజి ముల్లు కదలకుండా నిలబడింది. తర్వాత ఆ బావి మడ్ నుంచే వడకట్టి తీసిన నీటిని, అంటే ఫిల్ట్రేట్‌ను, పంపాం. అది దాదాపు మంచినీరే. పావుగంట కాకముందే ముల్లు లేచింది. పంపు వేగం మార్చకపోయినా పీడనం రెట్టింపయింది, చూస్తుండగానే నాలుగింతలైంది. అవతలి గొట్టం నుంచి వచ్చే నీరు పాలచుక్క కలిపినట్టు మసకబారింది. అది కయోలినైట్ బంకమన్ను. నీటిలో ఉప్పు తగ్గగానే రంధ్రాల గోడలను వదిలి కొట్టుకొచ్చి ఇరుకు దారుల్లో అడ్డం పడుతుంది. మళ్లీ ఉప్పునీరు పంపినా ఆ దారులు తెరుచుకోలేదు. వాళ్ల మోడల్‌లో ఫిల్ట్రేట్ ఉప్పదనానికి అసలు చోటే లేదు!

బావి పక్కన జానెడు రాయి పాడైతే ఏమవుతుందిలే అనేవాళ్లు 1956 నాటి హాకిన్స్ సూత్రంతో ఒక్కసారి లెక్క వేసి చూడాలి. బావి వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, నష్టం బావి మధ్య నుంచి 60 సెంటీమీటర్ల వరకు, అక్కడ పర్మియబిలిటీ పదో వంతుకు పడిపోయింది అనుకోండి. స్కిన్, అంటే బావి చుట్టూ ప్రవాహానికి పడే అదనపు అడ్డంకిని చూపే అంకె, 16 వస్తుంది. చమురు 300 మీటర్ల దూరం నుంచి వస్తున్నా, ఈ అర మీటరు దగ్గర ఉత్పత్తి మూడో వంతుకు పడిపోతుంది.

ఆ స్కిన్ విషయంలోనే నాకు మరో బాధ ఉంది. ఉత్పత్తి లెక్క కుదరకపోతే స్కిన్ అంకెను అటూ ఇటూ జరిపి కుదిర్చేస్తారు. బావి పొరలో కొంత మేరకే తెరిచినందువల్ల వచ్చే అదనపు స్కిన్ కూడా మడ్ ఖాతాలోనే పడుతుంది. ఇక ఫిల్టర్ పరీక్ష సంగతి. 100 పీఎస్ఐ పీడనంలో 30 నిమిషాలు కాగితం గుండా వడకట్టిన అంకెను తీసుకెళ్లి, కాలం వర్గమూలంతో పెంచుకుంటూ పోయి, రోజుల తరబడి దిగే నీటిని లెక్కిస్తారు. కాగితం రాయి కాదు. బావిలో మడ్ ప్రవహిస్తూ గోడ మీద పేరుకున్న మడ్ పొరను, అంటే ఫిల్టర్ కేక్‌ను, అరగదీస్తుంది, పైపులు ఎక్కించి దించేటప్పుడు గీరుకుపోతుంది. గీరిన ప్రతిసారీ నీరు కొత్తగా దూరుతుంది. ఆ చరిత్ర మోడల్‌లో లేకపోతే ఎన్ని రంగుల చిత్రాలు గీసినా దండగే.

దయచేసి కోర్‌ను ఎండబెట్టి పంపకండి. వెంట్రుకల్లాంటి ఇల్లైట్ అనే బంకమన్ను పోగులు ఎండితే రంధ్రం గోడకు అతుక్కుపోతాయి, పర్మియబిలిటీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మోడల్ మొదటి అడుగులోనే తప్పుతుంది.

ఆ క్షేత్రంలో తర్వాతి బావికి, తవ్వకం మొదలుకాకముందే, 3 శాతం పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు కలిపిన మడ్ ఫిల్ట్రేట్‌ను అదే పొర ముక్కలోంచి పంపి చూశాం. రెండు గంటలు గేజి ముందే కూర్చున్నాను, ముల్లు కదల్లేదు. ఈసారి మోడల్‌కు ఆ అంకె ఇచ్చాం.