మోరిస్‌టౌన్‌లో సైనికుల గుడిసెలు కనబడలేదన్న ప్రశ్నకు సమాధానం

మీరు ఫోర్డ్ భవనం చుట్టుపక్కల వెతికారు, గుడిసెలు ఉన్నది జాకీ హాలోలో. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న మోరిస్‌టౌన్ జాతీయ చారిత్రక ఉద్యానం ఒకే ప్రాంగణం కాదు. మైళ్ల ఎడంతో విడివిడి భాగాలుగా ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1779-80 నాటి భయంకరమైన చలికాలంలో సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్ ఫోర్డ్ భవనంలో బస చేయగా, ఆయన సైన్యం జాకీ హాలో అడవిలో చెట్లు నరికి వెయ్యికి పైగా దుంగల గుడిసెలు కట్టుకుంది.

1. ఫోన్ మ్యాపులో ఉద్యానం పేరు కాకుండా, జాకీ హాలో విజిటర్ సెంటర్ అని వెతకండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఉద్యానం పేరు కొట్టి, మొదట చూపిన చోటికే వెళ్లి, అంతా చూశామనుకుని తిరిగి వచ్చేస్తారు.

2. అక్కడి నుంచి వన్‌వే రోడ్డు మీదుగా గుడిసెల పార్కింగ్ దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న కొండవాలు ఎక్కండి. పెన్సిల్వేనియా దళాలు విడిది చేసిన చోట తిరిగి కట్టిన గుడిసెలు కనిపిస్తాయి. ఒక్కదాంట్లోకైనా వెళ్లి సైనికులు పడుకున్న చెక్క అరల నమూనాలను చూడండి. అంత ఇరుకులో పన్నెండు మంది సర్దుకున్నారు.

3. అసలు గుడిసెలు మిగలలేదు. వాటి ఆనవాళ్లు నేలలోనే ఉన్నాయి కాబట్టి, ఆకుల కింద కనబడే రాయినైనా దయచేసి కదపవద్దు. మెటల్ డిటెక్టర్ వాడకం చట్టరీత్యా నిషిద్ధం.

బయలుదేరే ముందు వేళలు సరిచూసుకోండి.