బీఎంఐ నార్మల్, మరి షుగర్ ఎందుకొచ్చింది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వయసు 43. ధాన్యం కమీషన్ కొట్లో గుమస్తాని, పొద్దస్తమానం కూర్చునే పని. ఎత్తు 165 సెం.మీ., బరువు 59 కిలోలు. మెడికల్ క్యాంపులో బీఎంఐ 21.7, నార్మల్ అని రాసిచ్చారు. అదే కాగితంలో కింద పరగడుపు షుగర్ 118 అని ఉంది. బక్కమనిషిని, నాకు షుగరేంటండీ? – పాలకొల్లు

జవాబు: లెక్క సరిగ్గానే వేశారు. బీఎంఐ అంటే కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుని దాంతోనే గుణించగా వచ్చినదానితో భాగిస్తే వచ్చే అంకె. 1.65ని 1.65తో గుణిస్తే 2.72, 59ని దాంతో భాగిస్తే 21.7. చిక్కంతా ఆ అంకె మీద పెట్టుకున్న ఆశలో ఉంది. కండ, కొవ్వు, ఎముక, నీరు అన్నీ కాటా మీద ఒకే తూకం. మీ కొట్లో తేమ మిషను పెట్టకుండా, తాలు చూడకుండా ఒట్టి కాటాతో ధర కడతారా? బీఎంఐ చేసేది ఆ పనే.

అసలు ఈ సూత్రం వైద్యుడిది కాదు. 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెట్లే జనాభా సగటు కొలతల కోసం కట్టిన లెక్క. దానికి బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. ఊరి మొత్తం మీద అంచనాకి పనికొస్తుంది, ఒక్కొక్క మనిషి దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది.

మనవాళ్ళ విషయంలో తడబాటు ఇంకాస్త ఎక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫొటో పక్కపక్కన వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అందుకే 25 దాకా ఫర్వాలేదన్న గీత మనకి చెల్లదు. 2009లో మన దేశ నిపుణులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అన్నారు. మీరు 23 లోపే ఉన్నారు, అయినా షుగర్ పెరిగింది. ఎందుకంటే అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని లాక్కోవలసింది కండ. ఆ కండ తక్కువై, కాలేయం చుట్టూ, లోపలా కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు.

కాబట్టి పొట్ట కొలుచుకోండి. టైలర్ల దగ్గరుండే గుడ్డ టేపు చాలు, పాతబడి సాగింది మాత్రం వద్దు. చొక్కా తీసి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడండి. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. వెనక జారకుండా నేలకి సమాంతరంగా ఉందో లేదో ఇంట్లోవాళ్ళని చూడమనండి. మామూలుగా గాలి వదిలాక కొలవాలి; పొట్ట లోపలికి లాక్కోవద్దు, మోసపోయేది మీరే. ప్యాంటు సైజు చెప్పకండి. 32 సైజు ప్యాంటు బొజ్జ కింద కట్టుకుంటాం, టేపు వేసేది దానిపైన. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెం.మీ. దాటకూడదు. పైగా ఎత్తులో సగం లోపు ఉండాలి, అంటే మీకు 82.5.

పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్‌కి ముందు దశ. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరని చెప్పే రక్తపరీక్ష) చేయించండి, అది 5.7 నుంచి 6.4 మధ్య వచ్చినా అదే దశ, 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ కిందే లెక్క, డాక్టరుగారు మరోసారి పరీక్షతో ఖాయం చేస్తారు. బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) కూడా చూపించుకోండి. బరువు తగ్గాలని పస్తులుంటే ఉన్న కండా పోతుంది. భోజనం కాగానే పావుగంట నడవండి, వారంలో రెండు మూడు రోజులు గుంజీలు, గోడకి ఆనుకుని పుషప్‌లు చేయండి. అన్నం మానక్కర్లేదు, ఒక హస్తం తగ్గించి పప్పో, గుడ్డో, చేప ముక్కో పెంచండి.

ప్రశ్న: మా తమ్ముడు కొబ్బరికాయల వలుపు పని చేస్తాడు. 168 సెం.మీ., 75 కిలోలు. బీఎంఐ 26.6, ఊబకాయం అన్నారు. ఒంట్లో ఎక్కడా కొవ్వు కనబడదు. – అంబాజీపేట

జవాబు: నడుం కొలత రాయలేదు. ఎత్తులో సగం, అంటే 84 సెం.మీ. లోపు వస్తే, బీపీ, షుగర్ బాగుంటే అది కండ బరువే. పని మానేసి, తిండి అంతే తింటే మాత్రం కండ తగ్గి పొట్టలో కొవ్వు చేరుతుంది, బీఎంఐ పెద్దగా కదలకపోయినా.

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్ళు, కుడికాలికి బోదకాలు. ఎత్తు 150, బరువు 70 కిలోలు. బీఎంఐ 31 అని రాత్రి భోజనం మానేసింది. – నరసాపురం

జవాబు: ముందు భోజనం మొదలుపెట్టించండి. ఆ 70లో కాలి వాపు బరువు కూడా ఉంది, దాన్ని తిండి తగ్గించి కరిగించలేం. గుండె, కిడ్నీ జబ్బుల్లో నీరు పట్టినప్పుడూ ఇలాగే బీఎంఐ అబద్ధం చెబుతుంది. ఆమెకి పొట్ట కొలతే గీటురాయి. ఎత్తులో సగం అంటే 75 సెం.మీ. వయసులో ఉన్నప్పటి ఎత్తు తెలిస్తే అదీ చెప్పండి, వెన్ను కుంగి ఎత్తు తగ్గినా బీఎంఐ పెరుగుతుంది. కాలిని రోజూ సబ్బు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా ఒత్తి, పడుకున్నప్పుడు ఎత్తు మీద పెట్టించండి. రెండు కాళ్ళూ ఉబ్బినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: 75 కిలోలు, 5 అడుగుల 11 అంగుళాలు. ఒక యాప్ 23 అంటోంది, ఇంకోటి 31! – అమలాపురం

జవాబు: రెండోదాంట్లో 5.11 అని కొట్టి ఉంటారు. అది దశాంశం, అడుగుల్లో అది 5 అడుగుల 1 అంగుళం పైచిలుకే. సెంటీమీటర్లలో 180 అని కొట్టండి, 23 వస్తుంది.