టెస్ట్ కేసుకు ఎదుటివాడి ఎత్తు కూడా కావాలి

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నావని, గేమ్ థియరీతో, అంటే ఆటలో లాగా ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తు ఎంచుకునే గణితంతో, టెస్ట్ కేసులు (ఏం చేస్తే ఏం రావాలో రాసుకునే పరీక్షలు) తయారుచేయమన్నారని రాశావు. చాలా సంతోషం. నాకు ఎంతో ఇష్టమైన పని ఇది, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వెంటనే సూత్రాల జోలికి పోకు. ఏ ఎత్తు ఎవరిదో ముందు తేల్చుకో. విజయనగరం నుంచి పలాసకు బస్సు టికెట్ అమ్మే ప్రోగ్రామ్ ఉందనుకుందాం. సీటు ఎంచుకోవడం, డబ్బు కట్టడం నీ ఎత్తులు. డబ్బు అందిందనడం, తిరస్కరించడం, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోవడం సర్వర్ ఎత్తులు. అవి నీ చేతిలో లేవు. అందుకే ఒకదాని తర్వాత ఒకటిగా మెట్లు రాసుకుంటే చాలదు. పులి ఎటు దూకితే మేకను ఎక్కడ పెట్టాలో పులి–మేక ఆటలో ముందే ఆలోచిస్తాం కదా, అలాగే సర్వర్ ఇవ్వగల ప్రతి జవాబుకూ నీ తర్వాతి ఎత్తు సిద్ధంగా ఉండాలి. జవాబు రాని దారిని మాత్రం అస్సలు వదలకు. మళ్లీ ‘చెల్లించు’ నొక్కు. మొదటి జవాబును ఆలస్యంగా రానివ్వు. డబ్బు రెండుసార్లు పోయిందా, ఒకే సీటు ఇద్దరికి పడిందా చూడు. ఖరీదైన తప్పులు ఎక్కువగా ఇక్కడే దాక్కుంటాయి.

ఇక, అన్నీ పరీక్షించే వ్యవధి లేకపోతే? గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ 1928లో నిరూపించిన మినిమాక్స్ సిద్ధాంతం అక్కరకొస్తుంది. ఎదుటివాడు ఏ ఎత్తు వేసినా మనకు రాగల అతి పెద్ద నష్టాన్ని వీలైనంత తగ్గించుకోవడమే దాని సారం. రాత్రికి ఒక్క భాగాన్నే పరీక్షించగలవని, పరీక్షిస్తే తప్పు దొరికి తీరుతుందని అనుకో. చెల్లింపులో తప్పు జారిపోతే నష్టం 3, సీట్ల కేటాయింపులో అయితే 1. రోజూ చెల్లింపునే చూస్తే సీట్ల తప్పు ఎప్పటికీ దొరకదు, నష్టం 1. అలా కాకుండా ఏ రాత్రికి ఆ రాత్రి చీటీలు వేసి, చెల్లింపుకు 3/4, సీట్లకు 1/4 అవకాశం ఇస్తే, తప్పు ఎక్కడున్నా (చెల్లింపులో అయితే 3 × 1/4, సీట్లలో అయితే 1 × 3/4) సగటు నష్టం 0.75 దాటదు. నాకైతే ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

అలాగని ప్రోగ్రామర్‌ను ప్రత్యర్థిగా చూడకు. నష్టాల అంకెలు వాళ్లతోనూ, టికెట్లు అమ్మేవాళ్లతోనూ కూర్చుని వెయ్యి. అవి తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఇంకొకటి, ఏ ఎత్తు వెయ్యాలో గేమ్ థియరీ చెబుతుంది గానీ, రావలసిన సరైన ఫలితం ఏదో చెప్పదు. దాన్ని ప్రతి కేసులోనూ నువ్వే రాయాలి. చీటీలు వేసే పని కంప్యూటర్‌కు అప్పగించినప్పుడు, అది వాడిన సీడ్ సంఖ్యను, అంటే అవే చీటీలను మళ్లీ అదే వరుసలో రప్పించే మొదటి సంఖ్యను, రిపోర్టులో రాసి పెట్టు. లేకపోతే రాత్రి దొరికిన తప్పును పొద్దున మళ్లీ చూపించలేవు.

మీ మామయ్య