స్థూపం కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

రజాకార్లు మీ ఊరిని తగలబెట్టిన నాటి మృతులకు స్థూపం కట్టాలని గ్రామసభలో తీర్మానం చేశారనీ, నల్ల గ్రానైటు రాయికి బయానా కూడా ఇచ్చారనీ నువ్వు ఫోనులో చెప్పినప్పుడు సంతోషించాను గాని, బయానా మాట విని గతుక్కుమన్నాను. ఇరవై ఏళ్ళ కిందట మా ఊళ్ళో నేనూ ముందు రాయి తెప్పించి, తర్వాత పేర్లు వెతికినవాణ్ణే. ఇంతమంది అమరులు అని పైన పెద్ద అక్షరాలతో అంకె చెక్కించాను. మరుసటి ఏడు ఒక ముసలామె మా ఇంటికి వచ్చి, "మా పెద్దమ్మ పేరు లేదేంది సారూ, ఆమె మనిషి గాదా?" అని అడిగింది. ఆ అంకెను ఉలితో చెరిపించి కొత్తది వేయించాను. ఆ గుంట ఇప్పటికీ ఎండ ఏటవాలుగా పడినప్పుడు కనిపిస్తుంది.

అందుచేత నా మొదటి సలహా, రాయి మీద అంకె వేయించవద్దు. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు జరిపిన మారణకాండ గురించి మన జిల్లాల్లో తెలియనివారు తక్కువ. అయినా మృతులు 96 మంది అని ఒకచోట, 118 మంది అని మరొకచోట అచ్చయింది. ఫ్రాన్సులో ఒరదూర్ అనే పల్లెలో 1944 జూన్ 10న జర్మన్ సైనికులు 642 మందిని చంపారని దశాబ్దాలపాటు లెక్క ఉండేది. కాలిన ఊరిని కాలినట్టే ఉంచి పక్కన కొత్త ఊరు కట్టుకున్నంత శ్రద్ధ గలవారు కూడా, స్పెయిన్ నుంచి శరణార్థిగా వచ్చి అక్కడ తలదాచుకున్న ఒక స్త్రీ పేరు 2020లో బయటపడడంతో, 76 ఏళ్ళ తర్వాత ఆ లెక్కను 643గా దిద్దుకోవలసి వచ్చింది. నీ రాయి మీద పేర్లు మాత్రమే ఉండాలి, చివర నాలుగైదు వరుసల చోటు ఖాళీగా ఉండాలి.

ఇక పేర్లు ఎక్కడ దొరుకుతాయన్నది. అందరూ ముందుగా కాగితాల వెంట పడతారు. జైలుకు వెళ్ళినవారికీ, దళాల్లో తిరిగినవారికీ సమరయోధుల పింఛను కాగితాలు ఉంటాయి. గొడ్ల దగ్గర నిలబడి తూటా తిన్న జీతగాడికి ఏ కాగితమూ ఉండదు. తహసీల్ కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే భూముల లెక్కల పుస్తకం, చూస్తే, తండ్రి పట్టా కొడుకు పేరుకో భార్య పేరుకో మారిన సర్వే నంబర్లు కొన్ని తెలుస్తాయి, ఆ ఇండ్లకు వెళ్ళి అడగవచ్చు. అంతకు ముందటి దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి గనుక చదివిపెట్టే పెద్దమనిషిని వెంట తీసుకుపో. కాని భూమి లేనివారు, ఆడవారు పహాణీలో దొరకరు. వారి పేర్లు దొరికేది పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడే. ఆనాడు పొద్దున ప్రతి ఇంట్లో పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు పోయినవారి పేర్లన్నీ వరుసగా పలుకుతారు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా మూడు తరాల పేర్లు తడుముకోకుండా చెబుతుంది. మా ఊళ్ళో నాకు ఆడవారి పేర్లు దొరికింది అట్లాగే. అంతవరకు నా పుస్తకంలో వారంతా 'ఫలానావారి భార్య' అనే ఉన్నారు. ఆ మాట రాయి మీదికి ఎక్కనీయకు.

పెద్దల దగ్గర కూర్చున్నప్పుడు ఫోను జేబులోనే ఉంచుకో. ఎవరు చనిపోయారని మొదటే అడిగితే నోరు పెగలదు. ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేది, తిరిగివచ్చాక ముందుగా ఎవరి ఇంట పొయ్యి ముట్టించారు అని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. మీ నాయనమ్మ నాకు చెప్పింది నీకు చెప్పిందో లేదో నాకు తెలియదు. గుట్టల్లో దాక్కున్నవారు తిరిగివచ్చేసరికి ఇంటి తాటి దూలాలు మీద పడి జొన్నల కాగులు సగం పగిలిపోయాయట. గోడ వైపు కాగుల్లో మిగిలిన జొన్నలను చెరిగి, కడిగి, ఎండబోసి, విసురుకొని ఆ ఏడంతా తిన్నారట. "రొట్టె నోట్ల వెట్టుకుంటే పొగ వాసనొచ్చేది బిడ్డా, పోరగాండ్లు తినకుంటే కొట్టి తినిపిచ్చినం" అన్నది. ఇటువంటివి రాయి మీద పట్టవు. ఏ పక్క ఊరు తలదాచుకోనిచ్చిందో, విత్తనం ఎవరిచ్చారో, ఎవరి ఎడ్లతో ఎవరి చెలక దున్నుకున్నారో ఒక గట్టి పుస్తకంలో రాయించి పంచాయతీలో ఒక ప్రతి, బడిలో ఒక ప్రతి ఉంచు.

తేదీలు ఎవరికీ గుర్తుండవు, పునాస జొన్న పొట్టకొచ్చిన దినాలని చెబుతారు. నువ్వు ప్రతి పేరు దగ్గర ఒకే ప్రశ్న వేయి: భారత యూనియన్ సైన్యం రాకముందా, వచ్చిన తర్వాతనా? సైన్యం 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. ముందు చనిపోయినవారి సంగతిలో ఊరికి పేచీ లేదు. తర్వాత చనిపోయినవారిలో తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగిన 1951 అక్టోబరు దాకా సైన్యం, పోలీసుల చేతిలో పోయిన సంఘంవారు, అంటే ఆ పోరాటంలోని కమ్యూనిస్టులు ఉంటారు. ప్రతీకారానికి బలైన సాయిబుల ఇండ్లవారూ ఉంటారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఆ ప్రతీకార హింసలో సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. రజాకార్లలో చేరని దూదేకులాయన ఆ దినాల్లో మీ ఊళ్ళో చనిపోయి ఉంటే, ఆయన మీ ఊరి మనిషి కాకుండా పోడు. గొడవ వస్తుందని నాకు తెలుసు. మా ఊళ్ళో వచ్చింది, నేను జంకి ఆ పేర్లు వదిలేశాను, అది నా తప్పు. ప్రతి పేరు పక్కన సంవత్సరమూ, ఎవరి చేతిలో పోయారన్నదీ విశేషణాలు లేకుండా రాయిస్తే చదివేవాడికి తెలిసిపోతుంది.

సభ సెప్టెంబరు 17న పెట్టవద్దు. విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, సమైక్యత అని మరొకరు జెండాలతో వచ్చి మైకు దగ్గరే తగవు పడతారు. మీ ఊరు కాలిన రోజే మీ ఊరి రోజు. శంకుస్థాపన ఫలకం, దాతల పేర్లు వెనక గోడకు పోవాలి.

మీ ఊరి పాత బురుజుకు మాత్రం సిమెంటు పూత వేయించకు. తడి లోపలే ఆగి రాతికట్టు ఉబ్బుతుంది. పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలను వేళ్ళతో సహా తీయించి, డంగు సున్నంతోనే సందులు నింపించు. తూటాల గుంటలు పూడ్చవద్దని మేస్త్రీకి దగ్గరుండి చెప్పు.

రాయివాణ్ణి దసరా దాకా ఆగమను. పెత్రమాసకు ముందురోజు పొద్దుగూకకముందే నేను బస్సు దిగుతాను. గీతల నోటుబుక్కులు రెండు కొని ఉంచు. నీ చేతిరాత నాకు తెలుసు గనుక రాసే పని నేను చూసుకుంటాను, అడిగే పని నీది. మొదట మాదిగవాడతో మొదలుపెడదాం, పోయినసారి మా ఊళ్ళో నేను ఆఖరున వెళ్ళింది అక్కడికే.

ఇట్లు,
నీ మామ